ఆకును బట్టి పురుగు

పెరటిలో కనబడు ప్రతి పురుగును ‘పెంకుపురుగు’ అని ఒకే పేరుతో పిలిచి ఊరకుందుము. శాస్త్రజ్ఞుడు మాత్రము అది ఏ ఆకును తినునని అడుగును.

ఆకుతిను పెంకుపురుగుల కుటుంబమునకు ‘క్రైసోమెలిడే’ అని పేరు. లోకమున వీని జాతులు 35,000కు పైగా గుర్తింపబడినవి. భారతదేశపు జాతులను జాకోబీ 1908లోను, మౌలిక్ 1919, 1926, 1936 సంవత్సరములలోను గ్రంథములుగా వర్గీకరించిరి.

వీనిలో పెక్కింటికి ఆహారనియమము కలదు. తెలుగునాట ఎర్రని పెంకుపురుగు గుమ్మడి, దోస, బీర పాదులను కోరును. ముండ్లుగల నల్లని ‘హిస్పా’ వరి ఆకులోని పచ్చదనమును గీకి తెల్లని చారలు మిగుల్చును. తాబేటి చిప్పను బోలిన బంగరు పురుగు చిలగడదుంప తీగెను ఆశ్రయించును.

ఈ ఎరుక వలన ప్రయోజనమేమి? 1950ల నడుమ పుణెలో కనబడిన వయ్యారిభామ కలుపు క్రమముగా దేశమెల్ల అలముకొనెను. దానిని తిను ‘జైగోగ్రామా’ అను పెంకుపురుగును మెక్సికో నుండి తెప్పించి, బెంగుళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థవారు 1984లో విడిచిరి. 1990ల తొలి యేండ్లలో అది పొద్దుతిరుగుడు ఆకులను కొరుకుచు కానవచ్చెను. రైతులు కలతచెందిరి. రెండును ఒకే కుటుంబపు మొక్కలు గదా! మిత్రమనుకొన్నది శత్రువాయెనా? పరిశోధింపగా, ఆ ఆకులపై రాలిన వయ్యారిభామ పుప్పొడియే పురుగును పురికొల్పినదని తేలెను.

కావున విద్యార్థులు పురుగును పట్టినపుడు మొక్క పేరును గూడ వ్రాసికొనవలెను. ఆకుపై వ్రాలినంతమాత్రమున అదే దాని ఆహారమని తలపరాదు. తినుట కన్నులార చూడవలెను, ఎందుకు తినుచున్నదో విచారింపవలెను.