కోల్‌కతాలో సైకిలు ప్రయాణం: దుస్తుల ఎంపిక

కోల్‌కతాలో సైకిలుపై కార్యాలయానికి వెళ్ళేవారిని ఎండకన్న గాలిలోని తేమయే ఎక్కువగా బాధిస్తుంది. చెమట త్వరగా ఆరదు. ఆరనిదే ఒంటికి చల్లదనం కలుగదు. కనుక స్వల్పదూరానికి పలుచని, వదులైన నూలు చొక్కాయే మేలు. అయితే తడిసిన నూలు ఆలస్యంగా ఆరుతుంది గనుక సంచిలో మరొక చొక్కా ఉండవలెను. 2013లో నగర పోలీసులు 174 వీధులలో సైకిళ్ళను నిషేధించారు. ఇటువంటి ఆంక్షల వల్ల చుట్టుదారి పట్టవలసివస్తే ఈ రెండవ చొక్కా మరింత అవసరం.

బెంగాలీ ధోవతి అందమైనదే. కాని వ్రేలాడే కుచ్చెళ్ళు గొలుసులో చిక్కుకొంటే పడిపోవడమే. గొలుసు కుడివైపున ఉంటుంది గనుక పంట్లాము కుడికాలి అంచునైనా క్లిప్పుతో బిగించాలి.

జూన్ నుండి సెప్టెంబరు వరకు వానకోటు తప్పదు. ఒక చేత గొడుగు పట్టి తొక్కడం సాహసమే గాని ఉపాయం కాదు. నీరు నిలిచిన వీధులలో వెనుకపట్టీ గల రబ్బరు చెప్పులు చాలు. తోలు బూట్లను కార్యాలయంలోనే ఉంచుకోవచ్చు.