గెలుపునకు మూడు, శుభ్రతకు ఆరు

ఆటలు దేహమునకు బలము నిచ్చునని మన మందరము ఎరుగుదుము. ఉదయమున కసరత్తు చేయువానికి ఆకలియు నిద్రయు చక్కగా కుదురును. జట్టులో ఆడువానికి ఓర్పు, కలుపుగోలుతనము అలవడును. ఐతే, ఆటలు ఒక పేటనే బాగుచేయగలవా? పూడిపోయిన మురుగుకాలువను తెరపింపగలవా? రుసుము కట్టలేక బడి మానిన బాలుని మరల బడికి పంపగలవా? ఆఫ్రికా ఖండమున, కెన్యా దేశపు రాజధానియగు నైరోబీలోని బాలబాలికలు ఈ ప్రశ్నలకు తమ చేతలతోనే సమాధానము చెప్పిరి. ఆ విషయమును మన విద్యార్థులు తెలిసికొనుట మేలని తలచి ఇచ్చట వివరించుచున్నాను.

నైరోబీ నగరపు ఈశాన్య భాగమున మథారే అను పెద్ద మురికివాడ కలదు. ఒక చిన్న నది లోయ వెంబడి రేకులతోను మట్టితోను కట్టిన గుడిసెలు ఒకదాని నొకటి ఒరసికొని యుండును. వానలు కురిసినప్పుడు చెత్తతో నిండిన కాలువలు పొంగి, మురికినీరు ఇండ్ల ముంగిటికి వచ్చును. దానివెంట మలేరియా, అతిసారము మొదలగు వ్యాధులును వచ్చును. అట్టి వాడలో పిల్లలకు బంతి యెక్కడిది? వారు ప్లాస్టిక్ సంచులను ఉండగా చుట్టి, దారముతో బిగించి, దానినే బంతిగా తన్నుకొనుచు ఫుట్‌బాల్ ఆడుచుండిరి.

కెనడా దేశీయుడైన బాబ్ మన్రో పర్యావరణ విషయములకు సంబంధించిన ఉద్యోగమున ఆ నగరమందుండెను. ఈ పిల్లల ఆటను చూచి, వారికొరకు 1987వ సంవత్సరమున మథారే యువజన క్రీడాసంఘమును నెలకొల్పెను. ఇది లాభాపేక్ష లేని సంఘము. నాలుగు బంతులు కొని పంచిపెట్టుట సులభమైన పనియే. కాని దానము పుచ్చుకొనుటకు అలవడిన చేయి పనికి ముందుకు రాదు. అందుచేత ఆ సంఘమునకు మొదటినుండియు ఒక నియమ మేర్పడెను: పిల్లలు పేటకొరకు ఏదేని చేసినచో సంఘము వారికొరకు చేయును, వారేమియు చేయకున్న సంఘమును చేయదు.

ఈ నియమము ఆచరణలోనికి వచ్చిన తీరు మిక్కిలి చమత్కారమైనది. లీగు పోటీలలో ఆట గెలిచిన జట్టునకు మూడు పాయింట్లు లభించును. జట్టువారందరు పారలు, తట్టలు పట్టి, పేటను శుభ్రపరచు పనిని పూర్తిచేసినచో ఆరు పాయింట్లు లభించును. ఒక లెక్క వేసి చూడుడు. ఒక జట్టు రెండాటలు గెలిచి, శుభ్రతకు రాకపోయిన దానికి ఆరు పాయింట్లు. మరియొక జట్టు రెండాటలు ఓడియు, ఒక దినము పేటను శుభ్రపరచిన దానికిని ఆరు పాయింట్లే. ఎంత గొప్ప ఆటగాండ్రున్నను, చెత్త ఎత్తని జట్టు అగ్రస్థానమును చేరుట దుర్లభము.

ఇందలి యుక్తిని గమనింపుడు. చెత్త యెత్తుట సాధారణముగా శిక్షగానో, నీచమైన పనిగానో భావింపబడును. ఇచ్చట అది గెలుపు పట్టికలో చేరి, గౌరవమును పొందినది. గోలు చేసిన బాలుడే తట్టను మోయుచుండగా, చూచువారికి ఆ పనియందు చులకనభావము నిలువదు. 1992లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమమువారు ఈ సంఘమునకు గ్లోబల్ 500 పురస్కారము నిచ్చిరి.

సంఘ నిర్వహణమును చాలవరకు యువజనులే చేయుదురు. తమ నాయకులను తామే ఎన్నుకొందురు. రిఫరీలుగను, చిన్నవారికి శిక్షకులుగను తామే పనిచేయుదురు. ఇట్లు సేవచేసినవారికి విద్యార్థి వేతనములు లభించును. ఆ సొమ్ము వారి పాఠశాలకే నేరుగా చెల్లింపబడును. ఆడినవాడు సేవకుడగుచున్నాడు, సేవకుడు విద్యార్థి యగుచున్నాడు.

1992లో బాలికల జట్లును ఏర్పడినవి. నీరు తెచ్చుట, వంట, చిన్నపిల్లల సంరక్షణము బాలికల తలమీదనే యుండుటచే, వారిని మైదానమునకు పంపుటకు తల్లిదండ్రులు మొదట వెనుదీసిరి. ఐనను బాలికలు వెనుకకు పోలేదు. నార్వే దేశమున ఓస్లో నగరమందు జరుగు నార్వే కప్ పోటీలలో ఈ వాడ బాలబాలికలు పాల్గొనిరి.

1994లో ఈ సంఘమునుండియే మథారే యునైటెడ్ అను క్లబ్ పుట్టెను. 2007 డిసెంబరులో కెన్యాలో ఎన్నికల అనంతరము తెగల నడుమ ఘోరమైన అల్లరులు చెలరేగినవి. మథారేలో ఇండ్లు తగులబడినవి, ప్రాణములు పోయినవి. నిన్నటి ఇరుగుపొరుగువారు నేడు శత్రువులైరి. అట్టి వాడ పేరు ధరించిన ఆ క్లబ్ 2008లో దేశపు ప్రథమశ్రేణి లీగునందు విజేతగా నిలిచెను. వేర్వేరు తెగలవారు, వేర్వేరు మాతృభాషలవారు ఒకే చొక్కా తొడిగి ఆడి గెలిచిరి. ఒక ఆట కలహమును మాన్పివేసెనని నేననను. కలిసి యుండుట సాధ్యమేయని ఆ వాడకు కన్నులయెదుట చూపెననుట మాత్రము సత్యము.

క్రీడాసంఘమొకటి ప్రభుత్వము చేయవలసిన పనులన్నిటిని చేయజాలదు. మథారే నేటికిని బీదవాడయే. నీరు, కాలువలు, వైద్యశాలలు కలిగించు బాధ్యత అధికారులదే. కాని తమ వీధి తమదియను భావమును యువకుల హృదయములందు నాటగలిగిన సంఘము చేసిన మేలు స్వల్పమైనది కాదు.

విద్యార్థులారా! మనమును పలుభాషల ప్రజల నడుమ నివసించుచున్నాము. మైదానమున మన ఎదుట నిలుచు బాలుని మాతృభాష వేరు కావచ్చును; బంతి భాష అందరికిని ఒకటే. ఆట ముగిసిన పిదప ఇరుజట్లవారును కలిసి మైదానమును ఊడ్చి, పక్కనున్న కాలువను బాగుచేసి ఇంటికి పోయినచో, ఆ దినమున ఓడినజట్టు ఉండదు. రానున్న పోటీలలో మన పట్టికయందును శుభ్రతకొక గడి గీయుదురు గాక!