పిల్లోడి నిద్దర గురించి అడిగేదెవరు?

మా చెల్లెలి కొడుక్కి అయిదేండ్లు. బడిలో కూర్చుంటే చాలు, కునికిపాట్లు. ‘వీనికి సోమరితనం, సదువు ఎక్కదు’ అని అక్కడ చెప్పిరి. రేత్రి పండుకుంటే ఒకటే గురక. ‘అచ్చం వాళ్ల తాత మాదిరే’ అని మేము నవ్వుకుంటిమి. ఆఖరికి చెవి-ముక్కు-గొంతు డాక్టరు దగ్గరికి పోతే, ఆయన ముందు మిషన్ ఏదీ పెట్టలే. మా చెల్లెల్ని నాలుగైదు ప్రశ్నలు అడిగినాడు. ఆ జవాబులతోనే అనుమానం వచ్చి ఎక్స్‌రే తీయిస్తే, ముక్కు వెనక కండ పెరిగి గాలి సరిగా ఆడడం లేదని తేలింది.

ఆ ప్రశ్నలేందో చెప్తా, వినండి. పండుకునే యాలకు మారాం చేస్తాడా? పగలు మబ్బుగా ఉంటాడా? నడిరేత్రి లేస్తాడా? రోజూ ఒకే యాలకు పండుకుంటాడా, ఎన్ని గంటలు పోతాడు? గురక పెడతాడా, మధ్యలో ఊపిరి ఆగినట్టు అయితాదా? వీటికి డాక్టర్లు పెట్టుకున్న పేరు ‘బేర్స్’. అమెరికాలో జుడిత్ ఓవెన్స్ అనే డాక్టరమ్మ, తోటి డాక్టరు కలిసి 2005లో దీని మీద రాసినారు. ఇట్ల అడగడం మొదలుపెట్టినాక, అంతకుముందు కన్నా ఎక్కువ మంది పిల్లల నిద్ర బాధలు బయటపడినాయి. అడగనిదే అమ్మ చెప్పదు, చెప్పనిదే డాక్టరుకు తెలీదు. అంతే కత.

ఆమెదే ఇంకో పెద్ద ప్రశ్నల కాగితం 2000లో వచ్చింది. లెక్కకొచ్చే ప్రశ్నలు 33. మార్కులు 41 దాటితే పిల్లోణ్ణి ఇంకొంచెం పరీక్షగా చూడాలని అర్థం. రోగం ఉన్నట్టు కాదు. ఇది జల్లెడ మాత్రమే. జల్లెడలో మిగిలిందంతా రాయి కాదు గదా.

అయితే ఆ కాగితాన్ని తెలుగులోకి మార్చి మన మీద పెడితే సరిపోదు. ‘అమ్మానాయనా గదిలో లేకుంటే నిద్రపోడా?’, ‘ఒంటరిగా పండుకోవాలంటే భయమా?’ అని అందులో ఉండాది. అవునంటే మార్కులు పెరుగుతాయి. మన ఇండ్లల్లో ఉండేదే ఒక గది. ఎండాకాలం వస్తే ఇంటిల్లిపాదీ మిద్దె మీద వరసగా పండుకుంటాం. అది రోగమా?

ఇంకోటి, ఎవరిని అడగాల? ఆదోని, కోసిగి, మంత్రాలయం దిక్కు జనం సుగ్గికి పోతాండారు, గుంటూరు మిరప చేన్లకు. కొందరు పిల్లోల్లు అవ్వ దగ్గర ఉంటారు, కొందరు అమ్మతో పోయి చేని పక్కన గుడారంలో పండుకుంటారు. ‘మామూలు వారంలో పిల్లోడు ఎట్ల నిద్రపోతాడు’ అని ఆ కాగితం అడుగుతాది. వాళ్లకు మామూలు వారం ఏది? పక్కన పండుకునే మనిషినే అడగాల, అవ్వయితే అవ్వనే.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీకి ఏడాదికి రెండు సార్లు వైద్య బృందం రావాల. 30 రకాల సమస్యలు చూడాలని వాళ్ల పట్టీలో ఉండాది. నిద్ర పేరు అందులో లేదు. అయిదు ప్రశ్నలు కలిపితే ఖర్చెంత? ఒక కాగితం. రక్తహీనత ఆ పట్టీలో ఉండనే ఉండాది. ఇనుము తక్కువైతే కాళ్లు ఆడిస్తా పిల్లోడు నిద్రపోడు. నులి పురుగులున్నా రేత్రి దురదతో లేస్తాడు. నిద్ర గురించి అడిగితే ఇవి కూడా బయటికొస్తాయి.

అది వచ్చేదాకా మీరే చేయొచ్చు. మీ ఇంట్లో చిన్నపిల్లోల్లు ఉంటే వారం రోజులు పండుకున్న యాల, లేచిన యాల, గురక రాసిపెట్టండి. మూడు నాలుగేండ్ల బిడ్డకు రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలని, ఫోనూ టీవీ గంటకు మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. గురకతో పాటు ఊపిరి ఆగినట్టు కనపడితే ఆలస్యం చేయొద్దు. కర్నూలు పెద్దాసుపత్రికో, కడప రిమ్స్‌కో తీసుకుపోండి. ఆ కాగితం చేతిలో ఉంటే డాక్టరుకు సగం పని తప్పుతాది.

గురక విని నవ్వినోళ్లలో నేనూ ఉంటిని. అందుకే రాస్తాండా.