మీకు తెలుసా? భూతద్దం లేని గురి

10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో తుపాకీకి టెలిస్కోప్ ఉండదు. దృశ్యాన్ని పెద్దది చేసి చూపే అద్దాన్ని గురి చూసే సైట్‌లో పెట్టడం నిబంధనలకు విరుద్ధం. కొట్టాల్సిన నడిమి చుక్క వ్యాసమేమో 0.5 మి.మీ.! 2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ కాంస్యం గెలిచింది ఇలాంటి గురితోనే.

కంటి దగ్గర సుమారు ఒక మిల్లీమీటరు రంధ్రం, గొట్టం చివర సన్నని రింగు, అంతే సరంజామా. చిన్న రంధ్రంలోంచి చూస్తే దగ్గరి రింగూ, దూరపు లక్ష్యంలోని నల్లటి వృత్తమూ రెండూ తేటగా కనిపిస్తాయి. చత్వారం వచ్చినవాళ్లకు ఇది పెద్ద ఊరట. అయితే రంధ్రం మరీ చిన్నదైతే వెలుతురు చాలదు.

ముందు రింగు ఎంత బిగుతుగా ఉంటే గురి అంత కచ్చితమని కొత్తవాళ్లు అనుకుంటారు. కానీ ఆ నలుపు చుట్టూ కనిపించే తెల్లటి అంచు మరీ సన్నబడితే కంటికి నడిమి దొరకదు, తుపాకీ వణుకూ ఎక్కువగా తెలుస్తుంది. కాస్త వదులు రింగే ఎంచుకోండి.

ఎయిర్ పిస్టల్‌కైతే ఆ రంధ్రం కూడా ఉండదు. వెనక గాడి, ముందు మొన. చూపు ఆ మొన మీదే నిలవాలి. లక్ష్యం మసకబారినా ఫర్వాలేదు.