సాగర్‌ చూడ్డానికి వెళ్తున్నారా? ఆ నాలుగు నిమిషాలూ గుర్తుంచుకోండి

సాగర్‌ గేట్లు ఎత్తారని టీవీలో చూడగానే గుంటూరు, నరసరావుపేట, ఒంగోలు వైపు నుంచి కార్లన్నీ మాచర్ల దారి పడతాయి. 26 గేట్ల నుంచి దూకే కృష్ణమ్మను చూసి, ఎత్తిపోతల దగ్గర ఆగి పులిహోర పొట్లాలు విప్పుకోవటం మన ప్రాంత కుటుంబాలకు అలవాటే. కార్తిక వనభోజనాలకూ అదే దారి. వెళ్లాల్సిందే. పిల్లలకు ఫోను వదిలి కొండా నీరూ చూసే అవకాశం అంతకంటే ఏముంటుంది?

కానీ వైద్యుడిగా నేను మరో దృశ్యం కూడా చూస్తుంటాను. ఓ సాయంత్రం తొమ్మిదేళ్ల బాబును తీసుకొచ్చారు. నీటిలోంచి రెండు మూడు నిమిషాల్లోనే బయటకు తీశారట. ఆ తర్వాత మాత్రం చాలాసేపు తలకిందులుగా పట్టుకుని తిప్పారు, పొట్ట మీద నొక్కారు, అరికాళ్లు రుద్దారు. నోట్లోకి గాలి ఊదినవారు ఒక్కరూ లేరు. అక్కడున్న వాళ్లందరికీ ఆ బిడ్డంటే ప్రాణమే. లేనిదల్లా ఆ ఒక్క విషయం తెలియటమే. బాబు దక్కలేదు.

లోయలో నీటి తీరు వేరు

చెరువులో నీరు నిన్న ఎంత ఉందో ఇవాళా దాదాపు అంతే ఉంటుంది. కొండల మధ్య నదిలో అలా కాదు. ఎగువన గేట్లు ఎత్తినా, విద్యుత్తు కోసం నీళ్లు వదిలినా దిగువన మోకాలి లోతు నీరు చూస్తుండగానే మెడ దాకా రావచ్చు. 2014 జూన్‌ 8న హిమాచల్‌ప్రదేశ్‌లో జరిగింది ఇదే. హైదరాబాద్‌ నుంచి విహారయాత్రకు వెళ్లిన ఇంజినీరింగ్‌ విద్యార్థులు బియాస్‌ నదిలో బండల మీద నిలబడి ఫొటోలు తీసుకుంటుండగా, ఎగువ లార్జి ప్రాజెక్టు నుంచి నీళ్లు వదిలారు. 24 మంది విద్యార్థులు కొట్టుకుపోయారు. వాళ్ల నెత్తిన వాన లేదు, కళ్లెదుట వరద లేదు.

ఎత్తిపోతలలో చంద్రవంక సుమారు 70 అడుగుల ఎత్తు నుంచి పడుతుంది. పడేచోట మడుగు లోతు పైకి తెలియదు. చుట్టూ బండలకు పాచి ఉంటుంది. ఆ నీళ్లలో మొసళ్లు కూడా ఉంటాయి. కంచె ఇవతలి నుంచి చూడటమే అక్కడి అందం. ఇక మన ఊళ్ల పక్కనే పారే సాగర్‌ కుడి కాలవను తేలిగ్గా తీసుకోవద్దు. సిమెంటు చేసిన ఏటవాలు గట్టు పాచిపట్టి ఉంటే, జారిన మనిషికి పట్టు దొరకదు. ఈత వచ్చినవాళ్లూ అలసిపోయేది అక్కడే.

మునిగేవారు అరవరు

సినిమాల్లోలా చేతులు ఊపుతూ కేకలు వేస్తారనుకుంటాం. ఊపిరే అందని మనిషికి కేక ఎక్కడి నుంచి వస్తుంది? తల వెనక్కి వాలుతుంది, నోరు నీటి అంచున తేలుతూ మునుగుతూ ఉంటుంది. చప్పుడుండదు. చిన్నపిల్లలైతే నిమిషంలోపే మునిగిపోవచ్చు. కాబట్టి నీళ్ల దగ్గర చిన్నపిల్లలు మీ చేతికి అందేంత దూరంలోనే ఉండాలి. ‘అందరం ఉన్నాంగా’ అనుకుంటే ఎవరూ చూడరు. వంతులేసుకుని ఒక్కొక్కరు ఫోను పక్కనపెట్టి పిల్లల్నే చూడాలి. ఆ వంతులో ఉన్నవారు మద్యం ముట్టకూడదు.

దూకొద్దు.. విసరండి

బిడ్డ కోసం తండ్రి, తండ్రి కోసం బాబాయి దూకి ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు పోయిన వార్తలు ఏటా చదువుతున్నాం. మునుగుతున్న మనిషి భయంతో కాపాడేవారినీ కిందికి లాగేస్తాడు. గట్టు మీదే పడుకుని కర్ర, చీర, తువ్వాలు ఏదైనా అందించండి. తాడు కట్టిన ఖాళీ డబ్బా విసరండి. మూత బిగించిన ఐదు లీటర్ల నీళ్ల డబ్బా కూడా మనిషిని తేలేలా చేస్తుంది.

బయటకు తీశాక..

నీట మునిగినప్పుడు ముందు ఊపిరి ఆగుతుంది, దానివల్ల తర్వాత గుండె ఆగుతుంది. ఆక్సిజన్‌ అందకపోతే నాలుగు నుంచి ఆరు నిమిషాల్లోనే మెదడు దెబ్బతినటం మొదలవుతుంది. అందుకే ఇక్కడ మొదటి మందు గాలి.

* పిలిచినా పలక్కపోతే, ఊపిరి సరిగా తీసుకోకపోతే వెల్లకిలా పడుకోబెట్టండి. ఒకరు 108కి ఫోను చెయ్యాలి.
* తల కాస్త వెనక్కి వంచి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, నోటితో రెండుసార్లు గాలి ఊదండి. ఛాతీ పైకి లేవాలి. నురగ వస్తున్నా తుడుస్తూ కూర్చోవద్దు.
* వెంటనే ఛాతీ మధ్యలో 30 సార్లు గట్టిగా నొక్కండి. పెద్దలకైతే రెండంగుళాల లోతు, నిమిషానికి 100-120 సార్ల వేగంతో. మళ్లీ రెండు శ్వాసలు. సహాయం అందేదాకా ఇదే వరస.
* పొట్ట నొక్కొద్దు, తలకిందులు చెయ్యొద్దు. ఊపిరితిత్తుల్లోకి చేరిన నీరు అలా బయటకు రాదు. పొట్టలో ఉన్నది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.
* ఊపిరి ఆడుతూ స్పృహ లేకపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. తడిబట్టలు తీసి పొడిది కప్పండి. బండ మీద నుంచి తలకిందులుగా దూకినవారైతే మెడ కదలనివ్వకూడదు.

‘బాగానే ఉన్నాడుగా’ అనుకోవద్దు

లేచి కూర్చుని మాట్లాడుతున్నా సరే.. స్పృహ తప్పినవారినీ, నోటితో ఊపిరి ఊదాల్సి వచ్చినవారినీ, దగ్గు, ఆయాసం, మగత ఉన్నవారినీ ఆస్పత్రికి తీసుకురావాల్సిందే. లోపలికి పోయిన కాసిన్ని నీళ్లే ఊపిరితిత్తుల గాలిగదుల్ని దెబ్బతీసి, కొన్ని గంటల తర్వాత ఆయాసం పెంచొచ్చు. అందుకే కనీసం ఆరు నుంచి ఎనిమిది గంటలు గమనిస్తాం.

పడవ ఎక్కే ముందు

2017 నవంబరు 12న, కార్తిక మాసపు ఆదివారం, ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తాపడి 20 మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది ఒంగోలు వాకర్స్‌ క్లబ్‌ వారు. ఆరోగ్యం కోసం రోజూ తెల్లవారుజామునే లేచి నడిచినవాళ్లు! నాగార్జునకొండకు వెళ్లినా, మరెక్కడికి వెళ్లినా లైఫ్‌ జాకెట్‌ చేతికివ్వటం కాదు, బకిల్‌ బిగించాకే పడవ కదలాలి. జనం కిక్కిరిసి ఉంటే దిగిపోండి. డబ్బులు పోతే పోయాయి.

ఈసారి బయల్దేరే ముందు పులిహోరతో పాటు ఓ పొడవాటి తాడు కూడా కారులో వేసుకోండి. ముందురోజు రాత్రి దిండు మీద ఆ 30 నొక్కుల వరస ఇంటిల్లిపాదీ ఒకసారి సాధన చెయ్యండి. పది నిమిషాల పని. ఆ బాబు పక్కన ఇది తెలిసినవారు ఒక్కరుంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంటుంది.