కోపం ఎవరి మీద? చూపేది ఎవరి మీద?

కోపం రాని మనిషి లేడు. మన హాస్టల్లో అయితే చెప్పనక్కరలేదు. స్నానాల దగ్గర బకెట్ కోసం, భోజనాల లైనులో చోటు కోసం, ట్రంకు పెట్టెలో సబ్బు కనబడకపోతే, రోజుకో తగాదా. వార్డెన్ గారు ఇద్దర్నీ మందలించి పంపేవారు. ఆ కోపం అసలు ఎక్కడి నుంచి వచ్చిందని మాత్రం మేమెవరం ఆలోచించలేదు.

ముందు శరీరం సంగతి చూద్దాం. అవమానమో ప్రమాదమో ఎదురైందనిపించగానే మెదడులో బాదం గింజ ఆకారంలో ఉండే అమిగ్డలా అనే భాగం హెచ్చరిక పంపుతుంది. మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే గ్రంథులు అడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతాయి. గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. కండరాలు బిగుసుకుంటాయి. శరీరం పోరాటానికో పారిపోవడానికో ఇలా సిద్ధపడుతుందని అమెరికా శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లోనే వివరించాడు. ఎప్పుడో ఒకసారి అయితే ఫర్వాలేదు. ఏళ్ళ తరబడి రోజూ ఇదే జరిగితే గుండెకు చేటు. దీన్ని అదుపు చేయవలసింది నుదుటి వెనుక ఉండే మెదడు భాగం. అది పూర్తిగా ఎదగడానికి దాదాపు 25 ఏళ్ళు పడుతుందట. ఆ లెక్కన నాకింకా రెండేళ్ళు గడువుంది!

దేన్నైనా బాదేస్తే కోపం చల్లారుతుందని చాలామంది అంటారు. 2002లో బ్రాడ్ బుష్మన్ అనే అమెరికా పరిశోధకుడు 600 మంది కాలేజీ విద్యార్థులతో ఈ మాటను పరీక్షించాడు. కోపం తెప్పించిన మనిషిని తలచుకుంటూ పంచింగ్ బ్యాగును గుద్దినవారికి కోపం ఇంకా పెరిగింది. రెండు నిమిషాలు ఊరికే కూర్చున్నవారే వారికన్నా చల్లబడ్డారు.

ఇక మన భాషలో కోపానికి ఎన్ని పేర్లో చూడండి. దగ్గరివాళ్ళ మీద వచ్చేది అలక. మనసులో దాచుకుంటే కసి, ఏళ్ళు గడిచినా పోకపోతే పగ. ఎదుటివాణ్ణి ఏమీ చేయలేక లోలోపల ఉడికిపోతే ఉక్రోషం. మనబోటి వాళ్ళకు బాగా తెలిసింది ఈ ఉక్రోషమే. ఇది పుట్టినచోట బయటపడదు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, మనకన్నా చిన్నవాడు దొరికేదాకా ఆగుతుంది. డీఎస్సీకి చదివేవారు దీన్నే రక్షక తంత్రాలలో విస్తాపనం అనే పేరుతో చదివి ఉంటారు.

నేను పదో తరగతిలో ఉండగా కుల ధృవీకరణ పత్రం కోసం ఒక ఆఫీసుకు మూడుసార్లు తిరిగాను. మూడోసారి నాన్నను వెంట తీసుకెళ్ళాను. అక్కడి గుమాస్తా అందరి ముందు నాన్నను "ఏరా" అన్నాడు. నాన్న కండువా తీసి చేతిలో పట్టుకున్నాడు, ఏమీ అనలేదు. నేనూ అనలేదు. ఆ సాయంత్రం, నా బకెట్ తీసుకున్నాడని ఏడో తరగతి కుర్రాణ్ణి చెంప మీద కొట్టాను. వాడు ఏడవలేదు. తెల్లవారి లేచేసరికి నా బకెట్ నిండా నీళ్ళు పట్టి గది ముందు పెట్టి ఉంది. వారం రోజులు అలాగే పెట్టాడు. వద్దని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆ బకెట్ ఎత్తినప్పుడల్లా నాన్న చేతిలోని కండువా గుర్తొచ్చేది.

అలాగని కోపమే తప్పని నేననను. 1927 మార్చి 20న మహాడ్‌లో డాక్టర్ అంబేడ్కర్ వెంట వేలమంది నడిచి వెళ్ళి చవదార్ చెరువు నీళ్ళు తాగారు. ఆ తర్వాత అగ్రకులాల వారు దాడి చేసి, దొరికినవారిని దొరికినట్టు కొట్టారు. తిరగబడదామన్న తనవాళ్ళను అంబేడ్కర్ ఆపారు. చెరువు గొడవ కోర్టుకెక్కింది. 1937లో బొంబాయి హైకోర్టు తీర్పు దళితుల పక్షాన వచ్చింది. పదేళ్ళు! చెంపదెబ్బతో తీరిపోయే కోపమైతే అన్నాళ్ళు నిలిచేదా?

మా స్నానాల దగ్గర అప్పట్లో కుళాయిలు రెండే. బకెట్ తగాదాలన్నీ దాని వల్లే. అందరం సంతకాలు పెట్టి ఒక అర్జీ ఇవ్వవచ్చని ఒక్కరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

ఆ కుర్రాడు ఇప్పుడెక్కడున్నాడో తెలియదు. పూర్వ విద్యార్థుల సమావేశానికి వస్తాడేమోనని రెండేళ్ళుగా చూస్తున్నాను.