వేలిముద్ర వెళ్లే దారి

2016లో తెలంగాణ జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు చిట్యాల నుంచి విడివడి మండల కేంద్రమైన టేకుమట్లలో, పత్తి, వరి, మిరప పండించే రైతుకు కంప్యూటరుతో పని పడని వానాకాలం గాని యాసంగి గాని ఇప్పుడు లేదు. 2011 నవంబరులో మొదలైన మీసేవ నుంచి ధ్రువపత్రాలు, 2020 అక్టోబరు చివర ధరణి వచ్చాక తహసీల్దారు కార్యాలయంలోనే సాగుభూముల రిజిస్ట్రేషన్లు, 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలోకి వచ్చిన భూభారతి, పీఎం కిసాన్ ఈ-కేవైసీ, ఇవన్నీ ఒక తెర ముందు జరిగే పనులే అయినందున, ఆ తెర కదలక నిలిచిపోయిన రోజున ‘సర్వర్ డౌన్’ అన్న జవాబు విని రైతు తిరుగుముఖం పట్టవలసి వస్తుంది. నిజానికి సర్వర్ ఈ ఏర్పాటులో చిట్టచివరి మజిలీ; దానికి ముందే పని ఆగిపోగల చోట్లు చాలా ఉన్నాయి, వాటిలో ఎక్కువ భాగం ఆ తెర ఉన్న గది నాలుగు గోడల మధ్యనే ఉన్నాయి.

ఈ-కేవైసీ కోసం రైతు బొటనవేలు పెట్టగానే బయోమెట్రిక్ స్కానర్ ఆ గీతలను చిత్రంగా గ్రహించగా, అది గుప్తీకరణ పొంది, అంటే దారిలో మరెవరూ చదవలేని రూపంలోకి మారి, ముందుకు సాగుతుంది. పత్తి ఏరి, కలుపు తీసి గీతలు అరిగిపోయిన వేలిని స్కానర్ సరిగా గ్రహించలేకపోతే ఆ నేరం నెట్‌దీ కాదు, సర్వర్‌దీ కాదు. వేరే వేలు పెట్టించాలి, లేదా ఓటీపీ మార్గం పట్టాలి.

స్కానర్ తీగ చేరేది వాడుకలో అందరూ సీపీయూ అని పిలిచే పెట్టెకు. అందులో అసలు సీపీయూ, అనగా ప్రాసెసర్, మదర్‌బోర్డు అనే పెద్ద పలకపై కూర్చుని లెక్కలు చేసే చిన్న చిప్ మాత్రమే. గోడలోని 230 వోల్టుల ఏసీ కరెంటును 12, 5, 3.3 వోల్టుల డీసీగా మార్చి భాగాలన్నింటికీ పంచేది ఎస్ఎంపీఎస్. జరుగుతున్న పనిని తాత్కాలికంగా నిలుపుకొనేది ర్యామ్. కరెంటు పోయిన మరుక్షణం అందులోనిదంతా చెరిగిపోతుంది కనుకనే, దరఖాస్తు సగం నింపిన దశలో ఫీడర్ ట్రిప్పయితే మళ్లీ మొదటికి రావలసి వస్తుంది. శాశ్వతంగా దాచేది హార్డ్ డిస్క్ లేదా ఎస్ఎస్‌డీ. మొదటిదానిలో పళ్లెం తిరుగుతుంది, రెండోదానిలో కదిలే భాగమే లేదు, అందుకే వేగం. దరఖాస్తులు నింపే కౌంటరుకు ఖరీదైన ప్రాసెసర్ కొనడం డబ్బు దండగ. అదే సొమ్ముతో 8 జీబీ ర్యామ్, ఒక ఎస్ఎస్‌డీ, బ్యాటరీ సరిగా నిలిచే యూపీఎస్ సమకూర్చుకుంటే సిస్టమ్ మొరాయించడం చాలావరకు తగ్గుతుంది.

మదర్‌బోర్డుపై నాణెమంత ఉండే 3 వోల్టుల సీమాస్ బ్యాటరీని మాత్రం ఎవరూ పట్టించుకోరు. కంప్యూటరు ఆపి ఉన్నప్పుడూ గడియారాన్ని నడిపించే ఆ బిళ్ల కొన్నేళ్లకు నీరసించిపోతే, ఉదయం సిస్టమ్ వేయగానే తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి జారుతుంది. వెబ్‌సైటు తాను అసలైనదేనని రుజువుగా చూపే డిజిటల్ సర్టిఫికెట్‌కు ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు చెల్లుబాటు ఉంటుంది గనుక, తప్పు తేదీలో ఉన్న కంప్యూటరు ఆ సర్టిఫికెట్‌ను నమ్మక, పోర్టల్‌ను తెరవడానికి నిరాకరిస్తుంది. కొద్దిపాటి ఖర్చుతో మారే బ్యాటరీ కోసం నెట్ కంపెనీకి ఫిర్యాదులు వెళ్లడం ఇలాంటి సందర్భాల్లోనే.

పెట్టె నుంచి బయటికి వెళ్లే దారి ల్యాన్ కార్డుతో మొదలవుతుంది. ప్రతి కార్డుకూ తయారీలోనే 48 బిట్ల మ్యాక్ చిరునామా వేస్తారు; నెట్‌వర్క్‌లో చేరినప్పుడు కేటాయించేది ఐపీ చిరునామా. పాత పద్ధతి ఐపీ 32 బిట్లది కావడంతో దాదాపు 430 కోట్ల చిరునామాలకు మించి దొరకవు, అందుకే 128 బిట్ల ఐపీవీ6 వచ్చింది. రెండేసి చొప్పున మెలిపెట్టిన ఎనిమిది రాగి తీగల కేబుల్, దాని కొసన ఆర్‌జే-45 ప్లగ్గు, ఒకే కార్యాలయంలోని కంప్యూటర్లను కలిపే స్విచ్, ఆ గుంపును బయటి ప్రపంచంతో కలిపే రౌటర్, ఇదీ వరుస. ప్లగ్గు చిన్న కొక్కెం విరిగి కేబుల్ వదులైనా, తీగ 100 మీటర్లు దాటినా సమాచారం తడబడుతుంది. 100 ఎంబీపీఎస్ కనెక్షన్ అంటే సెకనుకు 100 మెగాబిట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు కనుక, ఫైలు దిగే వేగం సెకనుకు 12.5 మెగాబైట్లకు మించదు. ఈ తేడా తెలియని వినియోగదారుడు మోసపోయాననుకోవడం సహజమే.

రౌటర్ దాటాక ఫైబర్. 9 మైక్రాన్ల వ్యాసం గల గాజు గర్భం, దాని చుట్టూ మొత్తం వ్యాసం 125 మైక్రాన్లు అయ్యేలా మరో గాజు పొర ఉన్న ఈ పోగులో కాంతి బయటికి పోకుండా లోలోపలే పరావర్తనం చెందుతూ సాగుతుంది. గాజును తగినంత శుద్ధి చేస్తే సమాచారాన్ని ఇలా దూరాలకు పంపవచ్చని 1966లో చూపిన చార్లెస్ కావోకు 2009లో నోబెల్ దక్కింది. భారత్‌నెట్‌గా నేడు పిలిచే పథకానికి 2011లో ఆమోదం లభించగా, తెలంగాణలో మిషన్ భగీరథ నీటి గొట్టాల కోసం తవ్విన కందకాల్లోనే టీ-ఫైబర్ కేబుల్ కూడా వేశారు. 2024 డిసెంబరులో ప్రయోగాత్మకంగా సేవలు మొదలైన గ్రామాల్లో ఒకటైన పెద్దపల్లి జిల్లా అడవి శ్రీరాంపూర్, టేకుమట్ల మండలానికి మానేరు అవతలి వైపునే ఉంది. ఇలాంటి వ్యవస్థలో ఓఎల్‌టీ అనే కేంద్ర పరికరం పంపిన కాంతిని స్ప్లిటర్ 32 లేదా 64 పాయలుగా చీల్చగా, కార్యాలయంలోని ఓఎన్‌టీ పెట్టె దాన్ని తిరిగి విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. ఆ పెట్టెపై ఎల్ఓఎస్ అని రాసి ఉన్న దీపం ఎర్రగా వెలిగితే కాంతి అందడం లేదని అర్థం. సర్వర్ మీద నెపం వేసే ముందు చూడవలసింది ఆ దీపాన్నే.

గాజులో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి, ఆ ముద్రను సరిచూసే ఆధార్ డేటా సెంటర్ ఉన్న బెంగళూరు 800 కిలోమీటర్ల దారి అనుకున్నా వేలిముద్రకు పట్టేది 4 మిల్లీసెకన్లే. ఆలస్యమంతా దారిలోని పరికరాల వద్ద, ఒకేసారి లక్షల మంది వచ్చిపడిన సర్వర్ వద్ద. సర్వర్ నిజంగా డౌన్ అయితే ఆ ఇబ్బంది టేకుమట్లలోనే కాక రాష్ట్రమంతటా ఒకేసారి కనిపించాలి; పక్క మండలంలో పని సాగుతూ ఉంటే లోపం ఇక్కడిదే.

ఆ లోపం ఫైబర్ తెగడమే అయితే, దానికి విరుగుడు రింగ్ పద్ధతి, అంటే ప్రతి కేంద్రానికీ రెండు దిక్కుల నుంచి ఫైబర్ వేసి, ఒకటి తెగితే సమాచారం రెండోదాని గుండా మళ్లేలా చూడటం. మానేరుపై 2016లో నిర్మాణం మొదలై, 2024 ఏప్రిల్‌లో ఈదురుగాలికి గడ్డర్లు కూలిన ఓడేడు–గర్మిళ్లపల్లి వంతెన వల్ల చుట్టూ తిరిగిపోయే బాధ ఎరిగినవారికి రెండో దారి విలువ వేరే చెప్పనక్కరలేదు. గ్రామాల దాకా మాత్రం సాధారణంగా ఒంటి తీగే వెళ్తుంది కనుక, రోడ్డు పక్క జేసీబీ ఒక్క పోటు వేస్తే ఆపైనున్న పంచాయతీలన్నీ ఒకేసారి ఆగిపోతాయి. తెగిన గాజు కొసలను ముడివేయడం కుదరదు. తొక్క ఒలిచి, తుడిచి, పోగుకు లంబంగా కోసి, విద్యుత్ మెరుపుతో కరిగించి అతికించాలి. ఆ పనిని స్ప్లైసింగ్ అంటారు. దానికి వేరే యంత్రం, చేయి తిరిగిన మనిషి కావాలి. ఆ రెండూ ఊరు చేరేదాకా కౌంటరులో ఎంత మంచి సిస్టమ్ ఉన్నా ఈ-కేవైసీ కాదు.